అందుబాటులో ఉండు, అడ్డం రాకు బిడ్డా

మస్కట్‌లోని మత్రా సూక్ బజారులో శాలువాలు, టోపీలు, లుబాన్ ధూపం, అత్తరు అమ్మే దుకాణంలో కుదిరావని మీ బాపు చెప్పినప్పుడు చాలా సంతోషించాను. మన జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు పోయిన పిల్లల్లో ఎక్కువమందికి ఎండలో ఇటుకా ఇనుమూ మోసే పనే దొరుకుతుంది. నీకు నీడపట్టున, నలుగురితో మాట్లాడే పని దొరికింది. అయితే మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. "గడపలో నిలబడి పిలవమంటున్నారు పెద్దబాపూ. లోపలికి వచ్చినోళ్లను కొనకుండా పోనియ్యొద్దంటున్నారు. వెంటబడితే వాళ్లు చిరాకు పడుతున్నారు, వెంటబడకపోతే మా ముదీర్, అదే మేనేజరు, చిరాకు పడుతున్నాడు" అన్నావు.

మత్రాలో, పక్కనే ఉన్న రూవీలో నా వయసంతా దుకాణాల్లోనే గడిచింది. ఆ అనుభవంతో ఒక్క మాట చెబుతాను, మనసులో పెట్టుకో. ఊరికే చూసిపోదామని వచ్చిన గిరాకిని తీరిగ్గా చూసుకోనివ్వు. నువ్వు అందుబాటులో ఉండు, అడ్డం రాకు. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

ముందు ఆ సందులో జరిగేది గమనించు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఓడల సీజను. సుల్తాన్ కాబూస్ పోర్టులో దిగే వాణిజ్య సరుకును 2014లో సొహార్‌కు మళ్లించాక, అక్కడ ఆగేవి ముఖ్యంగా యాత్రికుల ఓడలే. ఓడ దిగినవాళ్లు కార్నిష్ వెంట నడుచుకుంటూ నేరుగా సూక్‌లోకి వస్తారు. సందు మొదట్లోనే రెండువైపులా కేకలు మొదలవుతాయి. "మేడమ్, పష్మీనా! గుడ్ ప్రైస్! లుకింగ్ ఫ్రీ!" అట్లా వచ్చిన ఒకామె మొదటి దుకాణం దగ్గర నవ్వుతుంది. మూడో దుకాణం దగ్గర చెయ్యి అడ్డంగా ఊపుతుంది. పదో దుకాణానికి వచ్చేసరికి తల దించుకుని, సంచి ఒంటికి హత్తుకుని, దారి మధ్యలోంచి గబగబా నడుస్తుంది. సరుకు వంక కన్నెత్తి చూడదు. చూస్తే పట్టుకుంటారని భయం. ఎంత దూరం నుంచో ఈ బజారు చూద్దామని వచ్చిన మనిషి బజారును చూడకుండా దాటిపోతోందంటే, ఆ నష్టం ఒక్క దుకాణానిది కాదు, సందంతటిదీ. నువ్వు ఆ కేకల్లో గొంతు కలపకు. నీ గడప ముందు కేక లేకపోతే, కాసేపు నిలబడదగ్గ చోటు అదొక్కటే అవుతుంది.

లోపలికి అడుగుపెట్టగానే కూడా మీద పడకు. అమెరికాలో పాకో అండర్‌హిల్ అనే ఆయన, దుకాణాల్లో మనుషులు ఎట్లా నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ నుంచి వెనక్కి తిరుగుతారు అని ఏళ్ల తరబడి గమనించి 1999లో 'వై వీ బై' అనే పుస్తకం రాశాడు. అందులో రెండు సంగతులు నీకు బాగా పనికొస్తాయి. ఒకటి, గడప దాటిన మొదటి కొన్ని అడుగుల్లో మనిషికి ఏదీ తలకెక్కదు. బయటి వెలుగు నుంచి లోపలి వెలుగుకు కళ్లు అలవాటు పడాలి, నడక నెమ్మదించాలి. అక్కడ చెప్పింది వినపడదు, అక్కడ పెట్టింది కనపడదు. మత్రా ఎండలోంచి ఆ చీకటి సందులోకి వచ్చేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. రెండోది, వస్తువు చూస్తున్న మనిషిని వెనక నుంచి ఎవరైనా రాసుకుంటూ పోతే, ముఖ్యంగా ఆడవాళ్లను, చూస్తున్నది వదిలేసి వెళ్లిపోతారట. మీ సందు ఎంత ఇరుకో నీకు తెలుసు. కాబట్టి మంచి శాలువాలు దారి అంచున వేలాడదీయకు. నాలుగడుగులు లోపల, ఎవరూ తగలని చోట పెట్టు. నువ్వు కూడా ఆ దారికి అడ్డంగా నిలబడకు.

అంటే పలకరించకుండా ఉండమని కాదు. పలకరింపు లేని దుకాణంలోకి ఒమనీలు అసలు రారు. పెద్దమనిషి లోపలికి వస్తూ తనే "అస్సలాము అలైకుం" అంటాడు. చేతిలో పని ఆపి, ముఖం చూసి, నిండుగా జవాబు చెప్పు. "కీఫ్ హాలక్" అని క్షేమం అడుగు. అతనూ నీ క్షేమం అడుగుతాడు. ఎంత తొందరలో ఉన్నా అక్కడివాళ్లు ఈ మర్యాద మానరు. వ్యాపారం మాట ఆ తర్వాతే. ఇంటి ఆడవాళ్ల సంగతి మాత్రం ఎత్తకు. పలకరింపు అయ్యాక "తఫద్దల్" అని చేత్తో లోపలికి చూపించి ఒక అడుగు వెనక్కి వెయ్యి. ఆ అడుగు మరచిపోకు. చాలామంది కుర్రాళ్లు పలకరింపు దాకా బాగానే చేస్తారు, ఆ తర్వాత గిరాకి నీడలా వెంట తిరుగుతారు.

ఆడవాళ్లు వచ్చినప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. చెయ్యి నువ్వు ముందు చాపకు. వాళ్లు చాపితే సరే, లేకపోతే గుండె మీద చెయ్యి పెట్టి తల వంచితే చాలు. వస్తువు చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టు, వాళ్లే తీసుకుంటారు. శాలువా నువ్వు తీసి వాళ్ల భుజాన వెయ్యొద్దు. ఓడ దిగి వచ్చిన తెల్లవాళ్లయినా సరే, అడగకుండా మీద గుడ్డ వేస్తే ఉలిక్కిపడతారు. అద్దం ఎక్కడుందో చూపించి పక్కకు తప్పుకో.

వెనక్కి తప్పుకున్నాక నీ పని మొదలవుతుంది. కళ్లు గిరాకి మీద ఉన్నట్టు కనపడకూడదు, కానీ ఉండాలి. చేతులు కట్టుకుని గుడ్లప్పగించి చూస్తే వాళ్లకు ఇబ్బంది. ఫోన్‌లో తల దూరిస్తే వాళ్లంటే నీకు లెక్కలేదని అర్థం. మడతలు విప్పిన శాలువాలు మడుస్తూ, సీసాల మీద దుమ్ము తుడుస్తూ ఉండు. చేతిలో పని ఉన్నవాణ్ని చూస్తే గిరాకికి బెరుకు పోతుంది, అడగడం తేలికవుతుంది.

ఎప్పుడు దగ్గరికి వెళ్లాలో గిరాకి చేతులే చెబుతాయి. వేళ్లతో పైపైన తడుముతూ నడుస్తుంటే ఇంకా తిరుగుతున్నాడని లెక్క, వదిలెయ్యి. ఒక ఒమనీ పెద్దాయన కుమ్మా టోపీ తీశాడనుకో. ముందు లోపలి వైపు తిప్పుతాడు. కంతల చుట్టూ వేసిన కుట్టు బొటనవేలి గోరుతో తడిమి చూస్తాడు. మిషన్ కుట్టయితే అక్కడే పెట్టేస్తాడు. చేతికుట్టు కుమ్మా ఒక్కటి తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఆ తేడా అతనికి నీకంటే బాగా తెలుసు. అప్పుడు నువ్వు చెప్పాల్సింది ఏమీ లేదు. టోపీ తల మీద పెట్టుకుని చుట్టూ చూశాడా, అద్దం కోసమే. మాట్లాడకుండా అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకో. "కొంచెం పెద్దది ఉందా" అని అతనే అడుగుతాడు. ఒకే వస్తువును రెండోసారి చేతిలోకి తీసుకున్నా, ధర చీటీ తిప్పి చూసినా, వెంట వచ్చినవాళ్లను పిలిచి చూపించినా, తల ఎత్తి నీ కోసం చూసినా, అవన్నీ నిన్ను పిలవడమే. ఆ క్షణంలో నువ్వు లోపలి గదిలో టీ తాగుతుంటే మాత్రం తప్పు నీది.

దగ్గరికి వెళ్లాక ఏమనాలో కూడా చెబుతాను. "మే ఐ హెల్ప్ యూ" అని మొదలుపెట్టకు. దానికి ప్రపంచమంతా ఒకటే జవాబు, "నో, జస్ట్ లుకింగ్." ఒకసారి కాదన్నాక నిన్ను మళ్లీ పిలవడానికి వాళ్లకే మొహమాటం. దానికి బదులు, వాళ్లు చూస్తున్న వస్తువు గురించి నిజమైన సంగతి ఒక్కటి చెప్పి ఆగు. లుబాన్ గిన్నె దగ్గర ఆగినవాళ్లతో "ఇది హోజరి, ధోఫార్ కొండల అవతల ఎండు నేలలో పెరిగే చెట్ల బంక. ఉన్న రకాల్లో మేలైనది" అను. ఆసక్తి ఉంటే వాళ్లే అడుగుతారు. అప్పుడు నజ్దీ, షజరీ, షాబీ రకాలు పక్కపక్కన పెట్టి చూపించు. తెల్లగా, లేత ఆకుపచ్చగా, తేటగా ఉన్న పలుకులకు ధర ఎందుకు ఎక్కువో వాళ్ల కళ్లకే తెలుస్తుంది. ధోఫార్‌లోని లుబాన్ నేలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందని చెప్పు, వాళ్ల చేతిలోని చిటికెడు బంకకు ఎంత చరిత్ర ఉందో తెలుస్తుంది. మజ్‌మర్ అనే ధూపపాత్రలో బొగ్గు రాజేసి, ఒక్క చిన్న పలుకు వేసి, చెయ్యి వెనక్కి తీసుకో. పొగ లేచి వాసన వాళ్లను చేరేదాకా నోరు విప్పకు. కుర్రాళ్లు అక్కడే ఆగలేరు, వాసన రాకముందే ధర చెప్పేస్తారు.

చెప్పే సంగతి నిజమై ఉండాలన్నాను, దాన్ని తేలిగ్గా తీసుకోకు. విస్కోస్ శాలువాను పష్మీనా అని అమ్మొద్దు. "ఇది విస్కోస్, రంగు బాగుంటుంది, తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ. అది కశ్మీర్ ఉన్ని, అందుకే అంత ధర" అని రెండూ ఎదురుగా పెట్టు. ఖంజర్ చూసేవాళ్లకు దాని గొప్ప చెప్పు. దేశం జెండా మీద ఉన్న ఆయుధమది, దాని తయారీ విద్యను యునెస్కో 2022లో గుర్తించింది. దాంతోపాటు, కత్తి కాబట్టి విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరని, పెద్ద పెట్టెలో వెయ్యాలని కూడా నువ్వే చెప్పు. ఆ మాట విని ఒకరిద్దరు కొనడం మానుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో వస్తువు పోగొట్టుకుని నిన్ను తిట్టుకోవడం కంటే అదే మేలు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటే ముఖ్యం. శుక్రవారం సాయంత్రం రూవీ వీధులు నిండిపోతాయి. వారమంతా కాంపుల్లో ఉండి ఆ ఒక్కపూట బయటికి వచ్చిన మనవాళ్లు, బంగ్లాదేశ్‌వాళ్లు, పాకిస్తాన్‌వాళ్లు మత్రా దాకా కూడా నడుస్తారు. ఇళ్లలో పనిచేసే మన గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడబిడ్డలు కూడా వీలు దొరికినప్పుడు వస్తారు. వాళ్లు ఆ రోజు ఏమీ కొనకపోవచ్చు. సెలవుకు ఊరికి పోవడానికి ఇంకా ఏడాది ఉండొచ్చు. అయినా చూస్తారు. అత్తరు సీసా వాసన చూసి బాపుకు బాగుంటుందనుకుంటారు. శాలువా చేతిలోకి తీసుకుని అమ్మకు ఏ రంగు నప్పుతుందా అని ఆలోచిస్తారు. ధర అడిగి, రూపాయల్లో లెక్కగట్టుకుని, మెల్లగా పెట్టేస్తారు.

ఓడ మీద వచ్చిన మేడమ్ వెంట అమ్మకానికి తిరిగే కుర్రాడు, ఈ మనిషి వెంట దొంగతనం చేస్తాడేమోనని తిరుగుతాడు. వేసుకున్న బట్టలు చూసి "ధర ఎక్కువ" అని ముందే చెబుతాడు. బిడ్డా, నువ్వు ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. మీ తాత బొంబాయి మిల్లులో పనిచేసిన మనిషి, మీ బాపు దుబాయి సిమెంటు పనిలో నడుము పోగొట్టుకున్న మనిషి. ఆ తలుపు తోసుకుని వచ్చేవాళ్లలో వాళ్లున్నారు. మేడమ్‌కు పట్టిన అద్దమే వాళ్లకూ పట్టు. మేడమ్‌కు రాజేసిన బొగ్గే వాళ్లకూ రాజెయ్యి. "ఊరికి ఎప్పుడు, అన్నా?" అని అడుగు, వాళ్లు చెప్పింది విను. తెలుగువాళ్లయితే తెలుగులో మాట్లాడు, నెల రోజుల తర్వాత తెలుగు మాట విన్నవాళ్లు ఉంటారు.

లెక్కప్రకారం చూసినా నష్టం లేదు. సెలవు దొరికి టిక్కెట్టు చేతికి వచ్చిన మనిషి, ఏడాదిగా మనసులో అనుకున్నవన్నీ ఒక్కపూటలో కొంటాడు. అట్టపెట్టెకు తాడు బిగించి, తూకం ముప్పై కిలోలు దాటకుండా చూసుకుంటూ, ఇంటిల్లిపాదికీ పట్టుకుపోతాడు. ఆ రోజు అతను ఏ దుకాణానికి వస్తాడు? తనను మనిషిలా చూసిన దుకాణానికి. కానీ లాభం కోసం మర్యాద చెయ్యమని నేను అనడం లేదు. లాభం రాకపోయినా చెయ్యాల్సిందే, ఎందుకంటే ఆ మర్యాద వాళ్లకు చెందాల్సింది.

ధర సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. చీటీ మీద రాసిన ధరే నీ మాట కావాలి. 2021 ఏప్రిల్ నుంచి ఐదు శాతం వ్యాట్ ఉంది, అది కలిపిన ధరో కాదో ముందే చెప్పు, గల్లాపెట్టె దగ్గర చెప్పొద్దు. రియాల్‌కు వెయ్యి బైసాలు, కొత్తగా వచ్చిన యాత్రికులు ఇక్కడ తికమక పడతారు, నోట్లు వాళ్ల ముందే లెక్కపెట్టి చూపించు. మత్రాలో బేరం మామూలే, గిరాకి అడిగితే ముదీర్ ఒప్పుకున్నంత తగ్గించు. వెళ్లిపోతున్నవాళ్ల వెనక "పది రియాల్, ఎనిమిది, సరే ఆరు" అని అరుస్తూ పోవద్దు. ఆ అరుపుతో నువ్వు చెప్పిన మొదటి ధర అబద్ధమని నువ్వే చాటినట్టు.

కొనకుండా వెళ్లేవాళ్లను ఎట్లా పంపుతావో దాన్నిబట్టే నీ పేరు నిలబడుతుంది. "షుక్రన్, మళ్లీ రండి" అని వచ్చినప్పటి ముఖంతోనే చెప్పు. ఊరికే చూసిపోయే స్వేచ్ఛ కొనేవాళ్లకు తేరగా రాలేదు. ఒకప్పుడు యూరప్‌లో దుకాణంలో అడుగుపెడితే కొని తీరాలన్నట్టు ఉండేది. పారిస్‌లో అరిస్టీడ్ బూసికో 1852 నుంచి బాన్ మార్షే దుకాణంలో ఎవరైనా వచ్చి చూసిపోవచ్చని, ధరలు చీటీ మీదే ఉంటాయని నడిపించాడు. లండన్‌లో హ్యారీ సెల్ఫ్రిడ్జ్ 1909లో పెట్టిన పెద్ద దుకాణానికి కూడా, కొనకపోయినా వచ్చి తిరగండనే జనాన్ని పిలిచాడు. ఆ రెండు దుకాణాలూ ఈనాటికీ నడుస్తున్నాయి.

మస్కట్‌లో మనవాళ్ల పేరు ఎట్లా నిలబడిందో కూడా తెలుసుకో. గుజరాత్‌లోని మాండ్వి నుంచి వచ్చిన వ్యాపారుల ఇల్లు 1870లో ఒమన్‌లో వ్యాపారం మొదలుపెట్టింది, అదే నేటి ఖిమ్జీ రామ్‌దాస్ సంస్థ. ఆ ఇంటి కనక్‌సీ ఖిమ్జీకి ఒమన్ ప్రభుత్వం షేక్ హోదా ఇచ్చింది. వేరే మతం, వేరే దేశం మూలాలున్న మనిషికి ఆ గౌరవం దక్కింది. 2021లో ఆయన కన్నుమూశారు. తరతరాలుగా మాట నిలబెట్టుకున్నవాళ్లకే అది దక్కుతుంది. అట్లాంటివాళ్లు సంపాదించిన నమ్మకం నీడలోనే నువ్వు ఇవాళ గల్లాపెట్టె పక్కన నిలబడుతున్నావు. దాన్ని పెంచకపోయినా తగ్గించకు.

ఇక ముదీర్ సంగతి. ఆయనతో వాదన పెట్టుకోకు. ఆయన మీదా అద్దె, జీతాలు, సరుకు అప్పులు ఉంటాయి. "నెల రోజులు నన్ను నా పద్ధతిలో చెయ్యనివ్వండి, లోపలికి వచ్చినవాళ్లు ఎంతమంది, కొన్నవాళ్లు ఎంతమంది, మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది రాసి చూపిస్తాను" అని మర్యాదగా అడుగు. రోజూ మూసేటప్పుడు చిన్న పుస్తకంలో రాసుకో. అంకెలు చూపిస్తే యజమానులు వింటారు, నీతులు చెబితే వినరు. ఒప్పుకోకపోతే, గడపలో నిలబడమన్నప్పుడు నిలబడు. కేక వేసే బదులు సలాం చెప్పు, దాన్ని ఎవరూ తప్పనలేరు.

మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరిచేదాకా మీకు విరామం ఉంటుంది కదా, అదంతా నిద్రకే ఇవ్వకు. సరుకు నేర్చుకో. ఏది ఎక్కడ నేశారు, ఏది ఉతికితే రంగు పోతుంది, ఏ అత్తరులో ఏ నూనె ఉందో తెలిసినవాడికి వెంటపడాల్సిన అవసరం రాదు, గిరాకే అతన్ని వెతుక్కుంటాడు. పక్కన పనిచేసే ఒమనీ పిల్లలతో స్నేహంగా ఉండు. 2021లో మాల్స్‌లోని చాలా అమ్మకపు ఉద్యోగాలు వాళ్లకే కేటాయించారు, వాళ్ల దేశంలో వాళ్లకు ముందు దొరకడం న్యాయమే. వాళ్లు పెద్దలను ఎట్లా పలకరిస్తారో, తొందర లేకుండా ఎట్లా మాట్లాడతారో చూసి నేర్చుకో. ఈ విషయంలో వాళ్లను మించిన గురువులు నీకు దొరకరు.

మొదట్లో అమ్మకం తగ్గినట్టు అనిపిస్తుంది, కంగారు పడకు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు, ఎప్పుడు ఆ నోరు మూసుకోవాలో తెలియడం కూడా మంచి నోటి లక్షణమే. మొదటి జీతం అందగానే మీ అమ్మకు ఫోన్ చెయ్యి. సెలవుకు వచ్చేనాటికి అరబ్బీలో అంకెలు, ధరలు తడుముకోకుండా చెప్పడం నేర్చుకుని రా, కూర్చోబెట్టి అడుగుతాను. ఆరోగ్యం జాగ్రత్త, వేళకు తిను. చల్లగా ఉండు బిడ్డా.